ఒక్క చెయ్యి చాలదన్న మనిషి

తిడదామనే ఫోన్ చేశాను. అబద్ధమెందుకు? పొద్దున తొమ్మిదింటికల్లా మిషన్ ఎర్ర లైటు పెట్టుకుని మొండికేసింది. కోటప్పకొండ తిరునాళ్ళలో అన్నదానానికి విస్తళ్ళు రేపు సాయంత్రానికి అందాలి. సగం కూడా కాలేదు. నోటికొచ్చిన తిట్లన్నీ వరసగా పేర్చుకుని మెకానిక్కు నంబరు నొక్కాను. ఎత్తింది ఆయన కాదు, వినుకొండలో ఉండే కూతురు.

"నాన్న పోయి నలభై రోజులు దాటిందక్కా," అంది. "మొన్ననే నలభయ్యో రోజు ఫాతిహా కూడా చేశాం."

"ఏం పని మీద చేశారక్కా?" అని ఆ పిల్లే అడిగితే, "ఊరికేనమ్మా, చానా రోజులైంది గదా అని," అన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా నా కోపం దిగలేదు. దాన్ని ఎక్కడ దించాలో తెలియలేదు. ప్రతి చిన్నదానికీ గంటసేపు పాఠం చెప్పే మనిషి, ఈ ఒక్క సంగతీ చెప్పకుండా పోవటమేంది?

నాది నరసరావుపేటలో పల్నాడు రోడ్డు పక్క సందులో రేకుల షెడ్డు. పేపరు విస్తళ్ళు చేస్తాం. ఒక్కటే మిషను, దాని మీద పని చేసేది నేను, కోటేశ్వరమ్మ. ఆయన ఆ మిషనుకి మెకానిక్కు, నా ప్రాణానికి పరీక్ష. పేటలో ఆ సాయిబుని అందరం బాబాయ్ అనే పిలిచేవాళ్ళం. కళ్ళజోడుకి ఒక పక్క కాడ విరిగిపోతే దారం కట్టి చెవికి చుట్టుకునేవాడు. కొత్తది కొనుక్కోవచ్చుగా అంటే, "కనపడుతుందిగా," అనేవాడు. అంతే. దానిమీద ఇంక మాట ఉండదు.

ఆయనతో వచ్చిన చిక్కేందంటే, అడిగినదానికి జవాబు చెప్పడు.

"బాబాయ్, సాయంత్రానికి మిషన్ తిరుగుద్దా?"

"ఏమేముంటే తిరుగుద్దో ముందు నువ్వు చెప్పు."

"కరెంటు ఉంటే తిరుగుద్ది."

"అదొక్కటేనా?"

"నీ దయ కూడా ఉంటే తిరుగుద్ది."

"ఆఁ! అదీ ఉండాలి, ఇదీ ఉండాలి. ఒకటి ఉండి ఒకటి లేకపోతే తిరగదు. దాన్నే ఆండ్ గేటు అంటారమ్మాయ్."

నాకు కావలసింది సాయంత్రానికా, రేపటికా అన్న ముక్క. ఆయన ఇచ్చేది గేటు. నేను శావల్యాపురంలో పదో తరగతి చదివి, పెళ్ళి చేసుకుని ఇక్కడికొచ్చిన దాన్ని. లెక్కల మేష్టారి నుంచి తప్పించుకున్నానని సంబరపడితే, ఇరవై ఏళ్ళ తర్వాత టెస్టరు పట్టుకుని మళ్ళీ ఎదురొచ్చాడు.

చెప్పి ఊరుకుంటాడా? అప్పుడే మిషన్లోంచి తీసిన విస్తరి ఒకటి అందుకుని, తిరగేసి, జేబులోంచి పెన్సిలు తీసి అడ్డం నిలువు గీతలు గీసేవాడు. ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఎడం పక్క గళ్ళలో లోపలికి వెళ్ళేవి, కుడి పక్క బయటికొచ్చేది. గళ్ళు నింపాక కుడి పక్క చేత్తో మూసేసి అప్పజెప్పమనేవాడు. పని పూర్తయి, టీ తాగి, సంచీ సర్దుకున్నాక కూడా నేను అప్పజెప్పేదాకా స్టూలు మీంచి లేచేవాడు కాదు.

ఒకసారి అట్లా రాసిన విస్తరి ఒకటి పొరపాటున కట్టలో కలిసి గృహప్రవేశం భోజనాలకి పోయింది. అది సరిగ్గా ఆ ఇంటి పెద్దావిడ ముందే పడింది. గళ్ళూ, సున్నాలూ, ఒకట్లూ చూసి ఆవిడ అన్నం ముట్టకుండా లేచింది. ఎవరో యంత్రం రాసి కొత్త ఇంట్లోకి పంపారని గోల. పంతుల్ని పిలిపించి మళ్ళీ పసుపునీళ్ళు చల్లించారంట. నాకు ఫోన్ చేసి, "ఏమే, మా ఇంటి మీద నీకేం కక్ష?" అని ఒకటే తిట్లు. అవన్నీ మోసుకుని బాబాయ్ కొట్టుకి పోతే, ఆయన చల్లగా, "అందులో తప్పేమన్నా రాశానా?" అన్నాడు. లేదన్నాను. "కరెక్టుగా రాసినదానికి భయమెందుకు?" అన్నాడు. ఇదీ మనిషి.

పాఠాలకి మా ఇంటినే వాడేవాడు. "మీకు ముందు గుమ్మం ఉంది, పెరటి గుమ్మం ఉంది. ఏ ఒక్కటి తీసి ఉన్నా పిల్లి వస్తది. రెండూ తీసున్నా వస్తది. రెండూ మూస్తేనే రాదు. ఇది ఆర్ గేటు." బాగానే ఉంది. "నాట్ గేటు మీ ఆయన లాంటిది. నువ్వు ఔనంటే కాదంటాడు, కాదంటే ఔనంటాడు." మా ఆయన అక్కడే కూచుని పేపరు చదువుకుంటున్నాడు. "నేనెప్పుడు కాదన్నా?" అన్నాడు తల కూడా ఎత్తకుండా. "చూశావా," అన్నాడు బాబాయ్ నాతో.

ఆండ్ గేటు తోకకి నాట్ తగిలిస్తే నాండ్ అవుద్దంట. "మొగుడికీ పెళ్ళానికీ ఒకేసారి కోపమొస్తేనే పొయ్యి ఆరుద్ది. ఒకళ్ళకే వస్తే ఆరదు. ఇద్దరికీ రాకపోయినా ఆరదు." ఆయన డబ్బాలో ఉండేవన్నీ ఆ నాండ్ చిప్పులే. వేరేవి కొనడు. ఇంట్లో బియ్యప్పిండి ఉంటే అట్లు పోసుకుంటాం, జంతికలు చేసుకుంటాం, చెక్కలు ఒత్తుకుంటాం గదా, అట్లాగే నాండ్ ఒక్కటుంటే మిగతా గేట్లన్నీ దాంతోనే చెయ్యొచ్చని ఆయన సిద్ధాంతం. నిజమేనంట, తర్వాత తెలిసింది. నిజం కాబట్టే ఇంకా చిరాకు.

శివరాత్రి వస్తే ఇక ఆయన దొరకడు. కోటప్పకొండకి పోయే తాటిచెట్టంత ప్రభల మీద లైట్లు పరిగెత్తించే పని. ఒకసారి ఓ ఊరి పెద్దాయన, మాజీ సర్పంచి, తెల్లచొక్కా మనుషుల్ని వెంటేసుకుని కొట్టు ముందు దిగి, "ఒరేయ్ సాయిబూ, మా ప్రభ మీద లైట్లు అన్నీ ఒక్కసారే వెలగాలి, అన్నీ పరిగెత్తాలి," అన్నాడు. నేను రిపేరుకిచ్చిన నా మిషను బోర్డు కోసం అక్కడే నిలబడి ఉన్నాను. "అన్నీ వెలిగితే పరిగెత్తేదేందండీ?" అన్నాడు బాబాయ్. "కొన్ని ఆరితేనే గదా పరిగెత్తినట్టు కనపడేది." పెద్దాయనకి ఎక్కలేదు. ఎక్కేదాకా ఈయన పని మొదలుపెట్టలేదు. విస్తళ్ళు లేక ఆ రోజు ప్రభ కరపత్రం మీదే గళ్ళు గీశాడు. నా బోర్డు ఆ రోజుకి గోవిందా.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను.

మిషన్ కొన్న కొత్తల్లో దానికి కాలితో తొక్కే పెడలు ఉండేది. పేపరు పెట్టి తొక్కితే పైన ఉన్న ఇనుప అచ్చు, డై అంటాం, దిగి ఒక్క నొక్కు నొక్కుద్ది, విస్తరి తయారు. పెడలు పట్టేసిందని బాబాయ్‌ని పిలిస్తే, బాగు చెయ్యకుండా ఊడబీకి నా చేతిలో పెట్టాడు.

"కాలు తొక్కుతుంటే చేతులు ఏం చేస్తుంటయ్?"

"పేపరు సర్దుతుంటయ్."

"ఎక్కడ?"

"డై కింద."

"మరి?" అని నా మొహంలోకి చూశాడు.

పెడలు పోయి రెండు పచ్చ బటన్లు వచ్చాయి. ఒకటి ఎడమ చివర, ఒకటి కుడి చివర. రెండు చేతులూ చాపి రెండూ ఒకేసారి నొక్కితేనే డై దిగుద్ది. ఆండ్ గేటు. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే డై కింద చెయ్యి ఉండదు గదా అని ఆయన లెక్క. మంచిదే. కానీ పని నత్తనడక అయింది. కోటేశ్వరమ్మ వెల్దుర్తి అవతల నుంచి కూలికొచ్చి పేటలో నిలబడ్డ మనిషి. మిరపకోతల్లో ఆరితేరిన చేతులు, ఆగమంటే ఆగవు. "ఒకదాన్ని కట్టేస్తే పోలా అమ్మా?" అంది ఒకరోజు. పెళ్ళిళ్ళ కాలం, ఒకేరోజు మూడు ఆర్డర్లు. పాత చీర అంచు చింపి ఎడమ బటన్ నొక్కి పెట్టి కట్టాను. సలహా ఆమెదే గానీ, కట్టింది నేను. ఈ మాట ఎవరితోనూ అనలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

పని ఉరుకులు పరుగులు పెట్టింది. కుడి చేత్తో బటన్, ఎడమ చేత్తో డై కింద పేపరు. పదిహేను రోజులు.

పదహారో రోజు బాబాయ్ ఇటుగా పోతూ ఎందుకో లోపలికొచ్చాడు. చీర అంచు చూశాడు. అరుస్తాడనుకున్నాను, పాఠం చెబుతాడనుకున్నాను. చేతి గడియారం తీసి జేబులో వేసుకున్నాడు, చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచాడు, పోయి తన కుడి చెయ్యి డై కింద పరిచాడు.

"నొక్కమ్మాయ్."

"ఏంది బాబాయ్ ఇది! తియ్యి చెయ్యి!"

"ఎడమది కట్టే ఉందిగా. కుడిది ఒక్కటీ నొక్కు చాలు. నీకు పని తొందర గదా, నొక్కు."

కోటేశ్వరమ్మ గోడకి అతుక్కుపోయింది. సోల్డరింగు పట్టే చెయ్యది, ఆ మనిషి అన్నం తినే చెయ్యి. ఏ బల్లి పడ్డా, ఎవరి మోచెయ్యి తగిలినా ఆ బటన్ నొక్కుకుపోద్ది. పరిగెత్తుకుంటూ పోయి మెయిను కట్టేశాను. వెనక్కొచ్చి, "పిచ్చా నీకు? నీకేమన్నా అయితే నా షెడ్డు మీదకి పోలీసులు రారూ?" అని నోటికొచ్చినట్టు అరిచాను.

ఆయన మెల్లగా చెయ్యి తీసుకుని, గడియారం పెట్టుకుంటూ అన్నాడు. "నా చెయ్యి పెడితే మెయిను దాకా పరిగెత్తావు. కోటమ్మ చెయ్యి పదిహేను రోజుల్నుంచి ఆడనే ఉందిగదమ్మా."

నాకు సిగ్గేసింది. కానీ సిగ్గుకంటే ముందు కోపమే వచ్చింది. ఆ కోపంతోనే, "అయితే నీ ఆండ్ గేటు ఎందుకు పట్టుకోలేకపోయింది? గొప్ప గేటు! చీర ముక్కకి మోసపోయే గేటు!" అన్నాను. ఆ మాట ఆయనకి ఎక్కడో తగిలింది. బోర్డు ఊడదీసి సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. మూడు రోజులు రాలేదు. మూడు రోజులూ మిషను లేదు, మూడు పెళ్ళిళ్ళ వాళ్ళు నా ఇంటి మీద.

నాలుగో రోజు కళ్ళు ఉబ్బరించుకుని వచ్చాడు. "నువ్వు చెప్పింది నిజమేనమ్మాయ్. ఆండ్‌కి మంచితనం ఎక్కువ. రెండూ ఒకట్లేనా అని చూస్తది గానీ, ఆ ఒకటి చెయ్యి పెట్టిందా, చీర ముక్క పెట్టిందా అని అడగదు. అడగటానికి ఇంకో గేటు పెట్టాను." అని మమ్మల్నిద్దర్నీ షెడ్డు పక్కనే ఉన్న మా ఇంటి మెట్ల దగ్గరికి లాక్కెళ్ళాడు. మేడ మెట్ల లైటుకి కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి ఉంటాయి. కోటేశ్వరమ్మని పైకి పంపి, నన్ను కింద నిలబెట్టి, స్విచ్చిలు వేయిస్తూ తీయిస్తూ పట్టపగలు లైటు వెలిగించి ఆర్పించాడు. రెండు స్విచ్చిలూ ఒకే తీరున ఉంటే లైటు ఆరుద్ది. ఒకటి అటు, ఒకటి ఇటు ఉంటేనే వెలుగుద్ది. "ఇది ఎక్సార్. దీనికి అనుమానం ఎక్కువ. ఇద్దరి మాటా కలవకపోతే చాలు, లేచి కూచుంటది."

మెట్ల మీద కూచుని మొత్తం చెప్పాడు. రెండు చేతులూ కలిసి నొక్కితే ఆండ్ పని నడిపిస్తది. ఒక బటన్ ఒకటి అని, రెండోది సున్నా అని అర సెకను దాటి ఉంటే, ఎక్సార్ ఎర్ర లైటు వెలిగించి మిషన్ కట్టేస్తది. కట్టేశాక మళ్ళీ తెరవాలంటే రెండు బటన్లూ పూర్తిగా వదిలెయ్యాలి. రెండూ సున్నాలైతేనే ఒకటి అనే గేటు ఉంది, దాని పేరు నార్. "ఎక్సార్ అనుమానిస్తది, నార్ క్షమిస్తది," అన్నాడు. క్షమించటానికి కూడా ఒక గేటు కావాలా బాబాయ్ అన్నాను. "అన్నిటికంటే అదే కష్టం," అన్నాడు.

ఆ తర్వాత షెడ్డులోకొచ్చి బోర్డు బిగించి, మళ్ళీ చొక్కా చెయ్యి మడిచాడు. "ఇప్పుడు ఎడమది కట్టి, కుడిది నొక్కు. నా చెయ్యి పెడతాను."

"నేను నొక్కను."

"బోర్డు మీద నమ్మకం లేదా?"

"ఉంది."

"మరి నొక్కు."

"నా వల్ల కాదు."

దానికి అలిగాడు. నిజంగానే అలిగి, మూతి ముడుచుకుని స్టూలు మీద కూచున్నాడు. నేను వంటింట్లోంచి దోసకాయ తెచ్చి డై కింద పెట్టి, ఎడమ బటన్ కట్టాను. ఎర్ర లైటు వెలిగింది. కుడిది నొక్కినా డై కదల్లేదు. "నా చెయ్యీ దోసకాయా ఒకటేనన్నమాట," అని గొణుక్కుంటూ పోయాడు. ఆ దోసకాయ ఆ రోజు పప్పులో వేశాను.

అప్పటినుంచి నాకు నిత్యం యుద్ధమే. కోటేశ్వరమ్మ ఒక చెయ్యి రవ్వంత ముందు పెట్టినా మిషన్ కట్టేసుకునేది. నేను ఫోన్ చేసి తిట్టేదాన్ని. ఆయన నా తిట్లు సాంతం విని, "ఏ చెయ్యి ముందు పడింది?" అనేవాడు. క్షమాపణా లేదు, వస్తానన్న మాటా లేదు. ఏ చెయ్యి ముందు! ఒరేయ్ నాయనా, నాకు ఆర్డరుందిరా అంటే కూడా అదే ప్రశ్న. విసుగొచ్చి ఫోన్ పెట్టేసి, ఆయన అన్నట్టే రెండు బటన్లూ వదిలేసి మళ్ళీ నొక్కితే తిరిగేది. తిరిగితే ఇంకా మండేది.

ఆయన పోయాడని తెలిసిన ఈ పొద్దున, రెండు బటన్లూ వదిలేసే ఉన్నాయి. మెయిను ఒకసారి కట్టేసి మళ్ళీ వేశాను. అయినా ఎర్ర లైటు పోదు. అడగటానికి ఆయన లేడు. ఎదురు సందులో ఇంకో మెకానిక్కుంటే పిలుచుకొచ్చాను. అతను పెట్టె తెరిచి చూసి నవ్వాడు. "ఏందమ్మా ఈ పాతకాలం గోల! ఈ బోర్డుని తప్పించి ఒక్క వైరు కలిపితే ఐదు నిమిషాల్లో తిరుగుద్ది."

"కలపనీండమ్మా," అంది కోటేశ్వరమ్మ వెంటనే. "రేపటికి ఎట్లా అందుతయ్ మరి?"

నా నోట కూడా కలుపు అన్న మాటే ఉంది. అన్నదానం, మాట పోద్ది, పరువు పోద్ది. అతను వైరు తీసి పళ్ళతో తొడుగు ఒలిచాడు కూడా. చచ్చిన మనిషి మీద కోపం పెట్టుకుని ఏం చేస్తాం, కలిపించి పారేద్దాం అనుకున్నాను. అంతలో పాడు బుర్ర దానంతటదే గళ్ళు గీసుకోవటం మొదలుపెట్టింది. ఎర్ర లైటు వెలుగుతోందంటే ఒకటి ఉంది, ఒకటి లేదు. ఎవరూ నొక్కట్లేదు. మరి ఆ ఒకటి ఎవరిది?

"ఆగు," అన్నాను అతనితో.

కుడి బటన్ నొక్కి వదిలితే టక్కున పైకొచ్చింది. ఎడమది రాలేదు. చూపుకి పైకే ఉన్నట్టుంది గానీ, వేలు పెడితే లోపలికి దిగి ఉంది. తల్లోంచి పిన్ను తీసి అంచు చుట్టూ తిప్పాను. చిన్న అట్టముక్క బయటికొచ్చింది. మా విస్తరి పేపరే, నాలుగు మడతలు పెట్టి సందులో దోపింది. దోపిన దాంట్లో కాస్త ముక్క తెగి లోపలే ఉండిపోయింది.

అది తీయగానే ఎర్ర లైటు ఆరింది. నేను కోటేశ్వరమ్మ వైపు తిరిగాను.

"పొద్దున్నే మీరు రాకముందు పెట్టానమ్మా," అంది నేల చూపులు చూస్తూ. "ఎర్ర లైటొస్తే పీకేశాను. పోయిందనుకున్నా. రేపటికి కాకపోతే ఊరుకోనని రాత్రి మీరే గదా అరిచింది."

అరిచాను, నిజమే. ఇప్పుడు ఇంకా గట్టిగా అరిచాను. ఆయన్ని తిడదామని పేర్చుకున్న తిట్లన్నీ ఆమె మీద పడ్డాయి. మతి ఉందా అన్నాను, ఇంట్లో ముగ్గురు పిల్లలకి ఏ చేత్తో వండిపెడదామనుకున్నావే అన్నాను. గొంతు పోయేదాకా అరిచాను. ఎదురు సందు మెకానిక్కు వైరు జేబులో పెట్టుకుని మెల్లగా జారుకున్నాడు.

కోటేశ్వరమ్మ మిషను పక్కనే కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. నాకు అరుపు ఆగిపోయింది. అక్కడే నిలబడి ఆమె వేళ్ళు లెక్కపెట్టాను. పదీ ఉన్నాయి.